అగ్గిపుల్లకు చుట్టిన దూది

పదిహేనేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. ఇలాంటి బరువు గుండెల్లో ఉంటుందంటారు. నాకు మాత్రం ఎడమ అరచేతిలో ఉంటుంది. గిన్నెలు తోముతూ, కారు నడుపుతూ ఉన్నట్టుండి ఆ చేతిని చూస్తాను. నాదేనా అనిపిస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. ఎవరో ఒకరికి మొదట్నుంచి చివరిదాకా చెప్పాలి, మధ్యలో నన్ను నేను వెనకేసుకు రాకుండా. అంతే.

నా కూతురి చెవి నేనే పగలగొట్టాను. అప్పటికి దానికి నాలుగేళ్ళు.

ఇంతే అయితే ఎప్పుడో ఎవరి ముందో ఏడ్చి చెప్పేసేదాన్నేమో. ఇంకొకటి ఉంది. అది చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు దానికి పంతొమ్మిది. యూనివర్సిటీలో రెండో ఏడు. ఊళ్ళోనే వేరే ఫ్లాట్‌లో ఉంటుంది, ఆదివారం రాగానే విడిచిన బట్టల మూటతో మా జాన్సన్‌విల్ ఇంటికి దిగుతుంది. కొన్ని నెలల కిందట ఒక ఆదివారం మూటతో పాటు ఒక మ్యాపు కూడా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. కరేబియన్ సముద్రంలో ఒక దీవి. వేలు పెట్టి చూపిస్తే వేలి కింద మాయమైపోయేంత దీవి. ఫ్లాట్‌లో తనతో ఉండే అమ్మాయి తల్లిది ఆ ఊరట. ఆవిడ అక్కగారు ఇప్పటికీ అక్కడే పడవల రేవు పక్కన నాలుగు గదులు అద్దెకిస్తుందట. డిసెంబరులో వచ్చే ఇక్కడి వేసవి సెలవులకు వీళ్ళిద్దరూ వెళ్ళి నెలరోజులుండి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగడం నేర్చుకుంటారట. పక్కన ఫిజీ పెట్టుకుని భూగోళం అటు చివరికి పోవడమేమిటని నేను సణిగాను. మా ఆయన కాకినాడ మనిషి, సముద్రం అంటే ముందు తుఫాను గుర్తొస్తుంది. అక్కడ తుఫానులు ఏ నెలల్లో వస్తాయో వెతికి, మన డిసెంబరు, జనవరుల్లో ఉండవని తేల్చుకున్నాకే నవ్వు మొహం పెట్టారు.

ఆ తర్వాత రెండు నెలలూ మా ఇల్లు ఇల్లులా ఉంది. నిజం చెప్తున్నాను. మూడు విమానాలు మారాలి, మూడోది పద్దెనిమిది మంది పట్టే చిన్నది, సామాను తూచి ఎక్కిస్తారట. ఏం తీసుకెళ్ళాలో మా ఆయన జాబితా రాయడం, పిల్ల కొట్టేయడం, ఈయన మళ్ళీ రాయడం. చారుపొడి పెట్టనా అంటే నవ్వేది. పద్నాలుగేళ్ళు వచ్చాక నా పక్కన అంతసేపు కూర్చున్నది అప్పుడే. ఈ దీవి పుణ్యమా అని నా పిల్ల నాకు దొరికిందనుకున్నాను. నాకంత సంతోషం ఎందుకు దక్కాలి? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

నీళ్ళలోకి దిగాలంటే డాక్టరు సంతకం కావాలన్నారు. వెళ్ళింది. ఆయన కుడి చెవిలోకి లైటు వేసి చూసి సంతకం పెట్టనన్నాడు. కర్ణభేరికి పాత చిల్లు ఉంది, పూర్తిగా మూసుకోలేదు, ఈ చెవితో లోతుకు దిగితే ప్రమాదం, ముందు చెవి స్పెషలిస్టుకు చూపించమన్నాడు. చిల్లు సంగతి మాకు కొత్త కాదు. ఆ చెవి సరిగ్గా వినపడదని, స్కూల్లో ఈతకు వెళ్తే బిరడా పెట్టుకోవాలని దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు. పదేళ్ళప్పుడే ఆపరేషన్ చేయించవచ్చన్నారు. ఏదో ఒక వంక చెప్పి వాయిదా వేసింది నేను. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఇది ఎలా జరిగింది అని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి నా పిల్లను సగం చెవుడుతో పెంచాను.

ఆ సాయంత్రం ఫ్లాట్ అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. బాధ దిగమింగి నవ్వుతోంది. “మా నానమ్మ అగ్గిపుల్ల నన్ను కరేబియన్ దాకా వదల్లేదు” అని ఇంగ్లీషులో ఆ పిల్లకు చెప్తోంది. చిన్నప్పుడు మా నానమ్మ అగ్గిపుల్లతో చెవిలో గుబిలి తీస్తూ పొడిచేసింది, ఇండియా వైద్యం అని. ఈ కథ అది వందసార్లు చెప్పి ఉంటుంది. ఆ అమ్మాయి పగలబడి నవ్వి, పుల్ల వెలిగించి పెట్టిందా ఏమిటి అంది.

నా చేతిలో స్టీలు గ్లాసుంది. సింకులోకి విసిరికొట్టాను. సొట్టపడి ఎగిరి కిటికీకి తగిలింది. నాకా అమ్మాయిని కొట్టాలనిపించింది. జుట్టు పట్టుకుని నోరు మూయించాలనిపించింది. ఎవరిమీద కోపం అది? వెనక్కి తిరిగి చూస్తే నా కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. దాని కుడి భుజం చెవి దాకా లేచింది. తల ఎడమవైపుకు వంగిపోయింది. దానికి ఏదీ గుర్తులేదు. ఒంటికి మాత్రం గుర్తుంది.

పదిహేనేళ్ళ కిందట మేము ఆక్లాండులో, మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. పలచటి చెక్క గోడలు. పక్కింట్లో దగ్గితే మాకు వినపడేది. మా ఆయనకు పని వీసా, రెసిడెన్సీ కాగితాలు పెట్టి ఎదురుచూస్తున్నాం. నేను ముసలివాళ్ళను చూసుకునే పని కోసం కోర్సు చేస్తున్నాను. మా అత్తయ్య ఆరు నెలల వీసా మీద మాకు సాయంగా వచ్చింది. మంచి మనిషి. మంచి మనిషి అని ఇక్కడ రాస్తున్నాను, ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి అనలేదు.

ఒక్క దెబ్బ, ఒకే ఒక్క రోజు, పని ఒత్తిడి అని చెప్పుకోవాలని ఉంది. అబద్ధం. దానికి రెండేళ్ళు వచ్చినప్పటి నుంచీ కొట్టేదాన్ని. తొడపాశం పెడితే నల్లగా కమిలేది, గౌను కిందికి లాగేదాన్ని. హ్యాంగరుతో కొట్టాను. అట్లకాడతో కొట్టాను. అన్నం తినలేదని, మేజోళ్ళు వేసుకోలేదని, నిద్రపోలేదని. కొడుతున్నప్పుడు ఒళ్ళు మండేది, కొట్టాక చల్లబడేది. ఆ చల్లదనం కోసమే కొట్టానేమో అని కూడా ఆలోచించాను. చిన్నప్పుడు నన్నూ కొట్టారు. అది కారణమా? కారణమే అయితే మా చెల్లెలు తన పిల్లల మీద ఏనాడూ చెయ్యి ఎందుకు ఎత్తలేదు? అత్తయ్య వచ్చాక మధ్యలో అడ్డం వచ్చేది. ఒకసారి అట్లకాడ ఆవిడ మణికట్టు మీద పడి బొబ్బలా లేచింది. పొయ్యి దగ్గర కాలిందని కొడుకుతో చెప్పింది. నన్ను కాపాడింది. గుర్తుపెట్టుకోండి.

ఆ దెబ్బకు ముందురోజు, ఆదివారం, అత్తయ్య పిల్లకు తలంటి, అలవాటు ప్రకారం చెవుల్లో చెరో రెండు చుక్కల నూనె వేసింది. చిన్న ఇత్తడి గిన్నెలో కాచిన కొబ్బరినూనె. తర్వాత అగ్గిపుల్లకు దూది చుట్టి చెవులు తుడిచింది. మా ఇళ్ళల్లో అందరూ చేసేదే. పిల్ల ఆవిడ ఒళ్ళో పడుకుని కిలకిల నవ్వింది, చక్కిలిగింతలని. నేను చూశాను. నేను అక్కడే ఉన్నాను.

సోమవారం మధ్యాహ్నం అత్తయ్య మూలమీది డైరీ షాపుకు పాలు తేవడానికి వెళ్ళింది. నేను బల్లమీద కోర్సు కాగితాలు పరుచుకుని, ఒక చేత్తో పిల్లకు పప్పన్నం తినిపిస్తున్నాను. వద్దంది. నోరు బలవంతంగా తెరిచి పెట్టాను. ఊసింది. పళ్ళేన్ని రెండు చేతులతో తోసింది. పప్పంతా కాగితాల మీద. నెలరోజులు రాసిన కాగితాలు.

అట్లకాడ తీసుకుని వీపు మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. కాళ్ళమీద కొట్టాను. అది కీచుమని అరిచింది. పక్కింటి గోడ గుర్తొచ్చింది. ఈ దేశంలో పిల్లల్ని కొడితే పోలీసులకు ఫోన్ చేస్తారు, పిల్లల్ని తీసుకుపోతారు అని మా వాళ్ళందరూ కథలు కథలుగా చెప్పేవారు. అరవకు అన్నాను. ఇంకా అరిచింది. అరవకు అని, కుడిచేతిలో అట్లకాడ ఉండగా, ఎడమ అరచేత్తో దాని కుడి చెంపమీద, చెవిమీద, నా బలమంతా పెట్టి కొట్టాను. కొడుతున్నానని ఎవరికీ వినపడకుండా ఉండాలని ఇంకా గట్టిగా కొట్టాను. దీన్ని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా నాకు దీనికి ఇంకో అర్థం దొరకలేదు.

చప్పట్ల లాంటి చప్పుడు. అరుపు ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, గొంతు రాలేదు. కింద కూలబడింది. లేవబోయి ఒక పక్కకు ఒరిగిపోయింది, మళ్ళీ లేవబోయి మళ్ళీ ఒరిగింది. వాంతి చేసుకుంది. చెవి తమ్మె దగ్గర కమ్మ పక్కన ఒక రక్తపు బొట్టు నిలబడింది.

నేనేం చేశానో తెలుసా? ముందు కాగితాలు తుడిచాను.

అత్తయ్య పాలు పట్టుకుని వచ్చేసరికి పిల్ల నా ఒళ్ళో ఉంది. చెవినొప్పి అంటోంది అన్నాను. క్లినిక్కుకు తీసుకెళ్ళాం. అత్తయ్యను బయట కుర్చీలో కూర్చోబెట్టి పిల్లను నేనొక్కదాన్నే లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరు చూసి, కర్ణభేరి చిరిగింది, ఏమైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. ఒక్క క్షణం పట్టలేదు. నిన్న వాళ్ళ నానమ్మ అగ్గిపుల్లతో చెవి శుభ్రం చేసింది అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. డాక్టరు తల ఊపింది, ఇలాంటివి చూశాను, పెద్దవాళ్ళకు నచ్చజెప్పండి అని మెత్తగా చెప్పి రాసుకుంది. పిల్ల నా ఒళ్ళో కూర్చుని నా నోటికేసి చూస్తోంది. దానికి అప్పటికి ఇంగ్లీషు అంతగా రాదు. నానమ్మ అన్న మాట మాత్రం అర్థమై ఉంటుంది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. ఆయనకూ అగ్గిపుల్ల కథే చెప్పాను. అప్పుడే అత్తయ్య అలమారాలో సర్దబోతున్న ఇత్తడి గిన్నెను ఆవిడ చేతిలోంచి లాక్కుని గోడకేసి కొట్టారు. నూనె గోడమీంచి ధారగా కారింది. “నీ పల్లెటూరి వైద్యం నా పిల్ల మీదా?” అని అరిచారు. భుజాలు పట్టుకుని ఊపేశారు. నలభై ఏళ్ళ కొడుకు, డెబ్భై ఏళ్ళకు దగ్గరపడిన తల్లిని. నేను పిల్లనెత్తుకుని తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆగండి, నేనే కొట్టాను అంటే అయిపోయేది. మూడు మాటలు. అనలేదు.

ఆయన విసురుగా బయటికి వెళ్ళాక అత్తయ్య చీరకొంగుతో గోడ తుడుస్తూ నా దగ్గరకొచ్చింది. ఆ మాటలు ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

“నేను పుల్ల లోపలికి పెట్టనేలేదమ్మాయ్. పైపైనే తుడిచాను. నిన్నంతా బానే ఆడుకుంది కదే పిల్ల?”

“ఈమధ్య మీ చెయ్యి వణుకుతోంది అత్తయ్యా. మీకు తెలీకుండానే తగిలుంటుంది.”

“నా చెయ్యా? వణుకుతోందా?”

“నేను చూస్తూనే ఉన్నాను. మీరు బాధపడతారని చెప్పలేదు.”

ఆవిడ చెయ్యి వణికేది కాదు. సన్నజాజులు కట్టేది, సూదిలో దారం ఎక్కించేది. నా మాట విన్నాక కుడిచేతిని చాపి చూసుకుంది. అలా చాలాసేపు చూసుకుంది. మర్నాటి నుంచి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నిజంగానే వణికేది.

ఇదీ రెండోది. దెబ్బ కొట్టింది కోపం. ఈ మాట అన్నప్పుడు నాకు కోపం లేదు. చల్లగా, ఆలోచించి, ఆవిడ తనను తానే నమ్మకుండా చేశాను. ఒక మనిషికి తన చేతుల మీదున్న నమ్మకాన్ని తీసేశాను. ఏ దెబ్బ పెద్దది? నన్నడిగితే రెండోదే.

పిల్లను మళ్ళీ ఎత్తుకోలేదు ఆవిడ. అది చేతులు చాపితే పక్కకు తప్పుకుని, అమ్మ దగ్గరికి వెళ్ళు తల్లీ అనేది. ఇంకా మూడు నెలల వీసా ఉండగానే వెళ్ళిపోయింది. వెళ్ళాక గుళ్ళో వెండి చెవి చేయించి ఇచ్చిందని, తన చెవులకున్న దుద్దులు కూడా తీసి హుండీలో వేసిందని, పిల్లకు బాగా వినపడేదాకా చెవులకు ఏమీ పెట్టుకోనని మొక్కుకుందని మా ఆడపడుచు చెప్పింది. ఫోన్ చేసిన ప్రతిసారీ నాతో మొదటి మాట అదే: పిల్లకు వినపడుతోందా అమ్మాయ్? పదకొండేళ్ళు అడిగింది. వీడియోలో ఆ బోసి చెవులు చూస్తూ, పర్లేదు అత్తయ్యా, మీరేం చేస్తారు అనేదాన్ని. క్షమిస్తున్నట్టు. నేను ఆవిడను క్షమించేదాన్ని! ఆవిడ పోయినప్పుడు కూడా చెవులు బోసిగానే ఉన్నాయట.

ఆ దెబ్బ తర్వాత పిల్లను మళ్ళీ కొట్టలేదు. దీన్ని నా ఖాతాలో మంచిగా వేసుకోకండి. భయంతో మానేశాను. నా ఉద్యోగం వృద్ధుల ఇంట్లో. రోజూ ఉదయం పదిమంది ముసలమ్మల చెవుల్లో వినికిడి మిషన్లు పెడతాను. నీ చేతులు ఎంత మెత్తగా ఉంటాయో అంటారు వాళ్ళు. 

స్పెషలిస్టు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పోయిన నెల, ఒక మంగళవారం పొద్దున. దానికి కుడి చెవి సరిగ్గా వినపడదు కాబట్టి కారులో నా పక్కన కూర్చున్నప్పుడు మొహం పూర్తిగా నావైపు తిప్పి వింటుంది. ఆ రోజూ అలాగే తిరిగి కూర్చుని, ఆపరేషన్ అయితే వచ్చే ఏడాదైనా దిగొచ్చేమో, ఈసారికి ఒడ్డున కూర్చుని తాబేళ్ళను చూస్తానులే అని చెప్తోంది. నన్ను ఓదారుస్తోంది! ఇంకో అరగంటలో లోపల ఆ ప్రశ్న అడుగుతారు. ఇది నవ్వుతూ నానమ్మ పేరు చెప్తుంది. చచ్చిపోయిన మనిషి పేరు ఇంకో కాగితం మీద ఎక్కుతుంది.

క్లినిక్ ముందు కారు ఆపి చెప్పాను. ఇంజను ఆపలేదు. నానమ్మ కాదు, నేను కొట్టాను అన్నాను. పప్పన్నం, అట్లకాడ, అరుపు, ఎడమచెయ్యి. గిన్నె, గోడ, చెయ్యి వణుకుతోందని నేనన్న మాట. వరసగా అన్నీ చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడిస్తే అది నన్ను ఓదారుస్తుందని. ఏడవలేదు.

 నాతో ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల తెలుగులో అడిగింది.

“నానమ్మకి తెలుసా?”

“తెలీదు. తనే చేశాననుకుంటూ పోయింది.”

మొహం ముందుకు తిప్పుకుంది. అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చుంది. నేను ఇంకా ఏదో అన్నాను, తప్పయిపోయిందనో ఏదో. నావైపున్నది ఆ చెవి. దానికి వినపడిందో లేదో తెలియదు. బెల్టు విప్పుకుని దిగి ఒక్కత్తే లోపలికి వెళ్ళింది. వచ్చాక వెనక సీట్లో కూర్చుంది. ఫ్లాట్ దగ్గర దిగిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయనకూ చెప్పాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతున్నారు. కత్తిని బల్లకు ఆ చివర, చేతికి అందనంత దూరంగా పెట్టారు. “నేను అమ్మను పట్టుకుని ఊపేశాను” అన్నారు.  అప్పట్నుంచీ పిల్ల గదిలో పడుకుంటున్నారు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు లేవు కాబట్టి కలిసి తింటున్నాం.

పిల్ల దీవికి వెళ్ళింది. విమానాశ్రయానికి వాళ్ళ నాన్న తీసుకెళ్ళారు, నన్ను రమ్మనలేదు. ఫొటోలు ఆయనకే పంపుతోంది. నేను క్షమాపణ అడిగానో లేదో నాకే సరిగ్గా తెలియదు. అది క్షమిస్తుందని రాసుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అత్తయ్యను అడగడానికి అత్తయ్యే లేదు.

నిన్న స్పెషలిస్టు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఆపరేషన్‌కు వరసలో పేరు ఎక్కించామని. ఉత్తరానికి జతగా ఆ రోజు పిల్ల నింపిన ఫారం నకలు ఉంది. అడ్రసు ఇంకా మా ఇంటిదే ఇచ్చింది. మధ్యలో ఒక గడి: గాయానికి కారణం. దాని గుండ్రటి చేతిరాత. నాలుగేళ్ళప్పుడు అమ్మ కొట్టింది.

నిలబడే చదివాను. పదిహేనేళ్ళలో ఆ గడిలో మా అత్తయ్య పేరు లేకపోవడం ఇదే మొదటిసారి.